పద్నాలుగో గడిలో గాలి

మా ఊళ్ళో టైరు భద్రతా వారోత్సవాలు మొదలైన రోజున మొట్టమొదట పేలిన టైరు, టైరు భద్రతా వారోత్సవాల జీపుదే. అది ఎందుకు పేలిందో తేలడానికి ఏడు వారాలు పట్టింది. నిజానికి ఏడు నిమిషాల్లో తేలవలసిన సంగతి. మిగతా ఆలస్యానికి కారణం నేను.

ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికి నేను పాత బస్టాండు పక్కన పీరుసాయిబు పంక్చర్ల షాపు దగ్గర నిలబడి ఉన్నాను. నా చేతిలో స్కూటీ ఉంది. అది మా ఆవిడ హైమది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. బండి ఎక్కేవాళ్ళు లేరు గాని, గాలి లేకుండా వదిలేస్తే టైరు నేలకి నొక్కుకుపోయి పగుళ్ళిస్తుందని పీరుసాయిబు చెప్పాడు. అందుకని రెండు వారాలకోసారి నడిపించుకుంటూ తీసుకెళ్ళి, గాలి పెట్టించి, నడిపించుకుంటూ తెచ్చుకుంటాను. ఈ మూడేళ్ళలో పీరుసాయిబు ఒక్కసారి కూడా "ఎక్కి పోవచ్చుగా సారూ" అనలేదు. లోకంలో కొన్ని దయలు ఇలా ఉంటాయి. వాటికి ఏ ఆఫీసులోనూ దరఖాస్తు ఉండదు.

అప్పుడే చక్రభద్రతా కార్యాలయం వారి జీపు వచ్చి ఆగింది. నెత్తిన మైకు, చుట్టూ ఫ్లెక్సీలు, వెనక సీట్లో కాగితాల కట్టలు. డ్రైవరు ఏసుపాదం దిగి ముందు ఎడమ టైరు చూపించాడు.

పీరుసాయిబు వంగి చూసి, తన బట్టతల మీద ఒకసారి చెయ్యి తిప్పుకున్నాడు.

"ఏసుపాదం, ఇది టైరా, నా బుర్రా? ఒక్క గీత లేదు గదయ్యా. ఈడ చూడు, దారాలు పైకొచ్చినయ్యి. దీనికి కావాల్సింది గాలి కాదు, రిటైర్మెంటు."

"నాకు తెలవదా సాయిబూ? మూడుసార్లు రాసిచ్చా. టైర్లకని వచ్చింది ఫ్లెక్సీలకి సరిపోయిందంట. నువ్వు పెట్టు, సారు లోపలున్నాడు."

సారు లోపలే ఉన్నారు. చక్రభద్రతాధికారి ప్రభంజనరావుగారు. సఫారీ సూటు, ఒళ్ళో ప్రసంగం కాగితాలు.

"ఏమిటా జాప్యం? చక్రభద్రత నిమిత్తం ప్రజానీకం నిరీక్షించుచున్నది," అన్నారు. ఆయన ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు. ఆఫీసు జీపులో మాత్రం అలాగే మాట్లాడేవారు.

పీరుసాయిబు మామూలు కంటే కాస్త తక్కువే గాలి పెట్టి, "నెమ్మదిగా పో. ఇయ్యాలే మార్చు," అన్నాడు. జీపు బయల్దేరింది. మైకులో రికార్డు మొదలైంది. "ప్రియమైన వాహనదారులారా! మీ టైరు అరిగిందా? అరిగిన టైరు..."

అక్కడికి డాం అని పెద్ద చప్పుడయింది. జీపు ఎడమకి తిరిగి, అంకమ్మ ఇడ్లీ బండిని గుద్ది, కరెంటు స్తంభానికి ఆనుకుని ఆగింది. ఆ స్తంభానికే వారోత్సవాల ఫ్లెక్సీ కట్టి ఉండడం వల్ల అద్దం పగల్లేదు. ఫ్లెక్సీల వల్ల ఉపయోగం లేదనేవాళ్ళు ఇది గమనించాలి. మైకు మాత్రం ఆగకుండా "...సకాలంలో మార్చండి. మీ క్షేమమే మా లక్ష్యం" అని పూర్తిచేసింది.

"ఓయమ్మో, నా చెయ్యి!" అని అంకమ్మ రోడ్డు మీద కూలబడింది. ముంజేతి ఎముక విరిగింది. ఆమెను ఆటోలో ఆస్పత్రికి పంపించాం. పోతూ పోతూ, "ఆ ఇడ్లీలు ఎవురూ తినబాకండయ్యా, ఇసకయ్యింది," అని చెప్పింది. చెయ్యి విరిగినా అలా అనగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ప్రభంజనరావుగారు దిగి, సూటు దులుపుకుని, "ఎవరునూ కలవరపడవలదు. పత్రము నింపుదము," అన్నారు.

జీపులో రెండువేల పత్రాలున్నాయి. చక్రప్రమాద వివరణ పత్రం అని పేరు. ఇంగ్లీషు ముక్క లేకుండా వేయించినవి, ఆ ఉదయం ఆయన చేతుల మీదుగా విడుదల కావలసినవి. అందులో మొదటిది ఆయన జీపుకే పనికొచ్చింది. ఊళ్ళో మంచి దస్తూరి ఎవరిదని అడిగితే అందరూ నన్ను చూపించారు. కాలేజీ లైబ్రరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు కార్డులు రాసినవాణ్ణి.

పదమూడు గడులు సాఫీగా సాగాయి. పద్నాలుగోది రెవెన్యూ స్టాంపు అంత ఉంది. దాని పక్కన "ప్రమాద కారణము, ఒక్క మాటలో" అని ఉంది.

నా మనసులో ఉన్న మాట "టైరు". రెండక్షరాలు, గడిలో హాయిగా పడుతుంది. కాని తలెత్తితే ఏసుపాదం కనిపించాడు, ఆఫీసరు వెనకాల నిలబడి నాకు దణ్ణం పెడుతూ. టైరు అని రాస్తే, అరిగిన టైరుతో ఎందుకు నడిపావని ముందు అడిగేది వాణ్ణే. తర్వాత ఆఫీసరుగారి ముఖం కనిపించింది. అదీ బాధగానే ఉంది. "మీరు దోమనైనా బతిమాలి పంపిస్తారు," అనేది హైమ. ఆలోచించి "గాలి" అని రాశాను. గాలి పోయింది కాబట్టి అబద్ధం కాదు. పైగా గాలి ఎవరిది? ఎవరిదీ కాదు. ఎవరినీ నొప్పించని మాట దొరికిందని సంతోషపడ్డాను.

పీరుసాయిబు నా భుజం మీంచి చూసి, "అంతేగా సారూ. గాలేగా పోయింది," అన్నాడు.

*

చక్రభద్రతా కార్యాలయంలో ప్రమాద కారణాలకు నాలుగు పద్దులున్నాయి. మనిషి, యంత్రం, రోడ్డు, ప్రకృతి. సీనియర్ అసిస్టెంటు సులోచనగారు ఫైళ్ళు సర్దడంలో దిట్ట. ఆవిడ నా పత్రం చూసి, గాలి మనిషి కాదు, యంత్రం కాదు, రోడ్డు అంతకన్నా కాదు కనక ప్రకృతి పద్దులో వేశారు. తప్పు పట్టడానికి లేదు.

ప్రకృతి పద్దులో పడ్డ కాగితం విపత్తుల విభాగానికి వెళ్ళింది. పదో రోజున అక్కడి నుంచి ఒక కుర్ర ఆఫీసరు అట్టకి క్లిప్పు పెట్టుకుని అంకమ్మ ఇంటికి వచ్చాడు. చెయ్యి కట్టుతో ఉన్న మనిషికి రాసిపెట్టడానికి నేను పక్కన కూచున్నాను.

"తుపాను ఏ దిక్కు నుంచి వచ్చిందమ్మా?"

"జీపు దిక్కు నించి."

"దానికి పేరేమైనా పెట్టారా?"

"నేను పెట్టిన పేర్లు నువ్వు రాసుకోలేవులే నాయనా."

"నీరు ఎంత ఎత్తున వచ్చింది?"

"నీరు రాలా. చెట్నీ వచ్చింది. మోకాలి దాకా."

అతను అదీ రాసుకున్నాడు. మర్నాడే తుపాను సాయం దిగింది. ఒక టార్పాలిన్, రెండు దుప్పట్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, తాగునీటిలో వేసుకునే బిళ్ళలు. "నిజం తుపానుకి మూడు నెల్లు తిరిగినా ఒక్క కొవ్వొత్తి ఇయ్యలా," అంది అంకమ్మ. టార్పాలిన్ మాత్రం మంచిది. ఆ వారమే వాన పడింది. ఆమె ఇల్లు కారలేదు. న్యాయం జరగడానికి ముందు కొన్ని మంచి పనులు పొరపాటున జరుగుతుంటాయి.

అయితే విపత్తుల విభాగం వారికి వాతావరణ నివేదిక జతచేయడం రివాజు. తెప్పించారు. ఆ సోమవారం ఉదయం మా ఊళ్ళో గాలి లేదు. ఆకు కూడా కదల్లేదు. గాలి లేని రోజున గాలి వల్ల ప్రమాదం ఎలా జరిగిందో వివరించవలసిందిగా కోరుతూ ఫైలు తిరిగి ప్రభంజనరావుగారి బల్ల మీదికి వచ్చింది.

ఆయన దాన్ని రెండు రోజులు చదివారట. మూడో రోజు ఉదయం ఆయన ముఖం వెలిగిందని సులోచనగారు చెప్పారు.

"బహిర్వాయువు కాదు! అంతర్వాయువు!"

*

విచారణ ఆఫీసు హాల్లో జరిగింది. ఆ ఉదయం కూడా పీరుసాయిబు షాపు తెరిచి, నా స్కూటీకి గాలి పెట్టి, చేతులు తుడుచుకుని నాతో పాటే వచ్చాడు. పత్రం రాసినవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు.

"నీ వృత్తి?" అన్నారు ప్రభంజనరావుగారు.

"పంక్చర్లు ఏసుకుంటా సార్."

"అనగా రంధ్రనివారణ. వ్రాయండి సులోచనగారూ. ప్రమాదమునకు పూర్వము ఆ చక్రములో ఏముండెను?"

"గాలి సార్."

"తదనంతరము?"

"ఏం లేదు సార్."

ప్రభంజనరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. "గమనించితిరా! రబ్బరు అచ్చటనే యున్నది. ఇనుము అచ్చటనే యున్నది. డ్రైవరు ఉన్నాడు. నేనునూ ఉన్నాను. సంఘటనాస్థలము నుండి పరారైనది ఒక్క గాలి మాత్రమే. పరారైనవారినే గదా చట్టము ముందుగా అనుమానించునది?"

హాల్లో అందరూ తలలూపారు. నిజం చెప్పాలంటే నా తల కూడా కొంచెం ఊగింది. అంత నున్నగా ఉంది వాదన, టైరులాగే.

"ఆ గాలిని చక్రమునందు ప్రవేశపెట్టినదెవరు?"

"నేనే సార్."

"ఎచ్చటి నుండి తెచ్చితివి?"

"తెచ్చేదేంది సార్? చుట్టూ అదేగా."

"అనుమతి ఉన్నదా?"

"పీల్చుకోడానికి కూడా తీసుకోలా సార్ ఇంతవరకూ."

"పరిహాసము వలదు. నీ గాలి బాధ్యతారహితముగా పారిపోయినది. దాని బాధ్యత ఎవరిది?"

పీరుసాయిబు నవ్వడం మానేశాడు. "సార్, ఆ టైరు గుండయిపోయింది. దారాలు కనపడుతున్నాయని ఆ పొద్దునే చెప్పా. ఏసుపాదాన్ని అడగండి. లైబ్రరీ సారు గూడా అక్కడే ఉన్నారు."

"టైరు ఈ విచారణ పరిధిలో లేదు. పద్నాలుగవ గడిలో టైరు అను మాట ఉన్నదా మాస్టారూ?"

"లేదండి," అన్నాను. తర్వాత కాస్త ధైర్యం తెచ్చుకుని, "కాని నా ఉద్దేశం ఏమిటంటే..." అని లేచాను.

"ఉద్దేశమునకు గడి లేదు. కూర్చొనుడు."

కూర్చున్నాను. ఆ కూర్చోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. పారిపోయిన గాలికి పీరుసాయిబు ప్రాథమిక బాధ్యుడు. అంకమ్మ చెయ్యి, ఇడ్లీ బండి, జీపు, స్తంభం, నాలుగూ అతని మీదికే వస్తాయి. నెల తర్వాత కేసు కోర్టుకి వెళుతుంది. అంతవరకు షాపుకి సీలు. పారిపోయిన గాలికి తోబుట్టువు అయిన కంప్రెసర్‌లోని గాలి సాక్ష్యంగా స్వాధీనం. జీపు, దాని మిగతా మూడు టైర్లూ కూడా సాక్ష్యమే. ముప్ఫయ్యేళ్ళుగా ఆ షాపులో కూచున్న మనిషి, ఎర్ర లక్క పోసిన తాళానికి ఎదురుగా అరుగు మీద కూచోడం మొదలుపెట్టాడు.

కంప్రెసర్‌కి ఇద్దరు హోంగార్డుల కాపలా. రోజూ పొద్దున కిటికీలోంచి మీటరు చూసి రాయాలి. కంప్రెసర్ పాతది, ఎక్కడో సన్నగా కారుతోంది. నాలుగో రోజుకి సాక్ష్యం సగానికి సగం తరిగింది. ఎందుకు తరిగిందో సంజాయిషీ చెప్పమని హోంగార్డులకి మెమో ఇచ్చారు. ఇద్దరూ కలిసి ఒకటే జవాబు రాసిచ్చారు. "మేము పీల్చలేదు."

*

ఆ తర్వాతి వారం అసలు సర్క్యులర్ వచ్చింది. ఏ వాహనపు చక్రములో ఎవరు గాలిని పూరించుదురో, ఆ గాలి ఆ చక్రమును విడిచిపోవువరకు, దాని నడవడికకు వారే పూచీ. పూరించినవారు తమ పేరు, తండ్రిపేరు, సంతకముతో వాయు ధ్రువపత్రము ఇవ్వవలెను. సర్క్యులర్‌కు పూర్వపు గాలికి ఈ నిబంధన వర్తించదు.

మొదటి రోజే పంక్చర్ షాపులన్నీ మూతపడ్డాయి. పెట్రోలు బంకులో "గాలి ఉచితం" అన్న బోర్డు తీసేసి "గాలి అడగరాదు" అని పెట్టారు. సైకిలు పంపు ఉన్నవాళ్ళు దాన్ని అటక మీద దాచేశారు. తప్పనిసరైనవాళ్ళు బంధువుల్ని ఆశ్రయించారు. మా వీధి చివర సంజీవరావుగారు అల్లుడి మోటారుసైకిల్‌కి మొహమాటపడి గాలి పెట్టి, "అల్లుడి గాలికి పూర్తి బాధ్యత నాదే" అని రాసి సంతకం చేశారు. అల్లుడు రెండు రోజులు ఎక్కడెక్కడ తిరిగాడో, ఆ రెండు రోజులూ ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నారు. మూడో రోజు ఆయనే స్వయంగా గాలి తీసేశారు.

ఒక టైరులో ఇద్దరు చెరిసగం గాలి పెడితే, పోయింది ఎవరి సగమో తేల్చడానికి ప్రయోగశాల కావాలని ప్రతిపాదన పంపారు. పదిహేను రోజులు తిరిగేసరికి ఊళ్ళో చక్రం తిరగడం ఆగిపోయింది. ఆటోలు ఇళ్ళ ముందు చతికిలబడ్డాయి. బస్సులు ఊళ్ళోకి రాకుండా ఆరు కిలోమీటర్ల అవతల హైవే మీదనే జనాన్ని దింపేస్తున్నాయి. పిల్లలు నడిచి బడికి పోతున్నారు. రోడ్డు మధ్యలో కుక్కలు నిశ్చింతగా పడుకుంటున్నాయి. నేను కాదనను, ఆ పదిహేను రోజులూ ఊరు చాలా ప్రశాంతంగా ఉంది.

ప్రమాదాలు కూడా పూర్తిగా ఆగిపోయాయి. అది పైవాళ్ళ దృష్టికి వెళ్ళింది. మా ఊరిని జిల్లాలో ప్రథమ ప్రమాదరహిత పట్టణంగా ప్రకటించారు. శుక్రవారం పదకొండు గంటలకు జిల్లా కేంద్రంలో సభ, ప్రభంజనరావుగారికి శాలువా, జ్ఞాపిక. పీరుసాయిబు కేసు కోర్టుకి వెళ్ళేది ఆ పై సోమవారం.

బుధవారం నాడు పీరుసాయిబు మా ఇంటికి వచ్చాడు. నేను మంచినీళ్ళు ఇచ్చాను.

"నీకు చాలా అన్యాయం చేశాను సాయిబూ. ఆ మాట రాసింది నేను."

"మీరు రాయకపోతే ఇంకోరు రాసేవోళ్ళు. మీ దస్తూరి అయితే చదవడానికన్నా బాగుంది," అని నవ్వాడు. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తర్వాత అలవాటు చొప్పున స్కూటీ దగ్గరికి పోయి టైరుని బొటనవేలితో నొక్కాడు. "కొంచెం తగ్గింది గాని, ఇద్దర్ని మోస్తది. ఇది సర్క్యులర్‌కి ముందు గాలి సారూ. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లా. ఊళ్ళో చట్టప్రకారం కదలగలిగిన బండి ఇదొక్కటే."

"కదిలించేవాళ్ళేరీ?"

పీరుసాయిబు బండి పక్కన కూచున్నాడు. చేతులకి పని లేక కాబోలు, ప్లగ్గు విప్పి శుభ్రం చేసి, బాటరీ తీగలు బిగించి, సీసాలో పెట్రోలు తెచ్చి పోసి, స్టార్ట్ చేసి చూశాడు. మూడేళ్ళ తర్వాత మా వాకిట్లో ఆ చప్పుడు వినిపించింది. ఒక్క నిమిషం ఉంచి ఆపేశాడు. "కోర్టంటే ఏంటో ఎప్పుడూ చూడలా సారూ. భయంగానే ఉంది," అని వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ప్రభంజనరావుగారు మా గేటు ముందు నిలబడి ఉన్నారు. కొత్త సఫారీ సూటు, నుదుట చెమట. జీపు సాక్ష్యంలో ఉంది. ఊళ్ళో ఒక్క బండిలో గాలి లేదు. హైవే దాకా నడిస్తే సభ అయిపోతుంది. గాలి పెట్టించుకుందామంటే పెట్టేవాడు లేడు. పంపు ముట్టుకోమంటే ఏసుపాదం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "మొన్న ముట్టుకున్నోడి గతి చూశాంగా సార్," అన్నాడట.

"మాస్టారూ, మీ వద్ద పూర్వపు గాలి గల వాహనము కలదని విన్నాను."

ఆ క్షణంలో నాకు రెండు మాటలు తోచాయి. ఒకటి, "తప్పకుండా తీసుకెళ్ళండి" అని. అది నా అలవాటు. రెండోది నోట్లోంచి రావడానికి కొంచెం సేపు పట్టింది.

"తీసుకెళతానండి. నేనే నడుపుతాను. కాని ముందు ఆఫీసుకి వెళ్ళి, నేను రాసిన మాట దిద్దుకోవాలి."

"ఇప్పుడా!"

"ఇప్పుడేనండి. తప్పు మాట రాసిన చేత్తో బండి నడిపితే చెయ్యి వణుకుతుంది. మీరు వెనక కూర్చుంటారు."

ఆయన గడియారం చూసుకున్నారు. నడుచుకుంటూ ఆఫీసుకి వెళ్ళాం, స్కూటీని నేను తోసుకుంటూ. సులోచనగారు ఫైలు తీసి పద్నాలుగో గడి ముందు పెట్టారు. నేను కలం తీశాను.

"ఏమి వ్రాయుదురు?" అన్నారు ప్రభంజనరావుగారు.

"టైరు అనండి."

"వలదు వలదు! టైరు కార్యాలయమునకు చెందినది. డ్రైవరు అని వ్రాయరాదా?"

"గడిలో పట్టదండి."

"రోడ్డు?"

సులోచనగారు దగ్గారు. "రోడ్లవాళ్ళు ఊరుకోరు సార్. పోయినసారి గొడవకి మన కుర్చీల దాకా వచ్చారు."

"దైవము?"

"దేవాదాయశాఖకి పంపాలి సార్."

గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. ప్రభంజనరావుగారు కళ్ళు మూసుకుని ఆలోచించి, హఠాత్తుగా తెరిచారు.

"విధి! విధి అని వ్రాయండి. విధి బలీయము. ఎవరినీ నొప్పించని మాట. ఎవరికీ బాధ్యత యుండదు. రెండే అక్షరములు!"

ఎవరినీ నొప్పించని మాట. నేనూ ఆ సోమవారం అలాగే అనుకున్నాను. సులోచనగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. కలం మూతని చాలా శ్రద్ధగా తుడుచుకుంటున్నారు.

"చాలా మంచి మాటండి," అని, "గాలి" కొట్టేసి, పక్కన నా మంచి దస్తూరిలో "విధి" అని రాశాను.

"దిద్దుబాటు పక్కన మీ సంతకం కావాలి సార్. సూచించినవారు మీరని కూడా," అన్నారు సులోచనగారు. ఆయన రెండూ చేశారు. "గాలి పోయింది కాబట్టి సాయిబు మీద కేసు, షాపు సీలు, సర్క్యులర్ మూడూ నిలబడవు. ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ," అని ఆవిడ చూపించారు. ఆయన మూడు చోట్లా పెట్టారు. అంత వేగంగా న్యాయం జరగడం నేను చూడలేదు. సభలకి ఆలస్యమవడంలో ఉన్న మేలు ఇది.

స్కూటీ ఎక్కాను. మూడేళ్ళలో మొదటిసారి. అద్దం ఇంకా హైమ ఎత్తుకే తిప్పి ఉంది. అందులో రోడ్డు కనపడలేదు, నా ముఖమూ కనపడలేదు. ప్రభంజనరావుగారి సూటు మూడో గుండీ మాత్రం కనపడింది. అద్దాన్ని సర్దలేదు. ఖాళీ రోడ్డు, వెనక వచ్చేవాళ్ళెవరూ లేరు.

హైవేకి సగం దూరం పోయాక వెనక నుంచి గొంతు వినిపించింది. "మాస్టారూ, ఈ చక్రములందలి గాలి ఎవరిది?"

"పీరుసాయిబుదండి."

ఆయన వంగి వెనక చక్రం వైపు చూశారు. తర్వాత, "నిలకడ గల గాలి," అన్నారు.

*

ఆయన శాలువా కప్పుకుని వచ్చారు. మధ్యాహ్నానికే హోంగార్డులు లక్క పగలగొట్టారు. పీరుసాయిబు కంప్రెసర్ మీటరు చూస్తే సున్నా దగ్గరుంది. "సాక్ష్యం మొత్తం తప్పించుకుంది సారూ," అన్నాడు. సోమవారం నాడు అతను కోర్టుకి పోలేదు. షాపులోనే ఉన్నాడు. ఊరంతా గాలి కోసం అతని ముందు వరస కట్టింది.

దిద్దిన పత్రం రాజధానిలో చక్రభద్రతా ప్రధాన కార్యాలయానికి చేరింది. అక్కడ పద్దులు ఎక్కువట, నలభై రెండు. అక్కడి గుమాస్తా కూడా సులోచనగారిలాగే పద్ధతైన మనిషి అయ్యుండాలి. ప్రమాద కారణం "విధి" అని చదివి, విధి అనే మాట ఏ పద్దులో ఉందో వెతికి, ఉన్న ఒక్క చోట వేశాడు. విధి నిర్వహణ.

ఏడో వారం చివర తాఖీదు వచ్చింది. సులోచనగారు దాన్ని నాకు చదివి వినిపించారు. ప్రమాదమునకు తన విధియే కారణమని సదరు అధికారి స్వయముగా సూచించి, స్వహస్తముతో సంతకము చేసి అంగీకరించినందున, విధి నిర్వహణలో లోపము రుజువైనది. గాయపడిన అంకమ్మ వైద్యమునకు, బండికి కార్యాలయమే బాధ్యత వహించవలెను. వాహనముల టైర్లన్నియు వెంటనే మార్చవలెను. సదరు అధికారి తన విధి ఏమిటో పదిహేను దినములలో వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

జీపుకి నాలుగు కొత్త టైర్లొచ్చాయి. ఏసుపాదం వాటి గీతల్లో వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు. అంకమ్మకి కొత్త బండి వచ్చింది. దాని మీద ఆమె తుపాను టార్పాలిన్ కప్పుకుంది. నేను రెండు వారాలకోసారి స్కూటీ తీసుకెళుతున్నాను. ఈమధ్య ఎక్కే వెళుతున్నాను. పీరుసాయిబు అది చూసి కూడా ఏమీ అనలేదు.

నిన్న సాయంత్రం ప్రభంజనరావుగారు మా ఇంటికి వచ్చారు. సూటు లేదు, మామూలు చొక్కా. చేతిలో తాఖీదు. కుర్చీలో కూచుని, మొదటిసారిగా మామూలు మనిషిలాగా మాట్లాడారు.

"మాస్టారూ, మీరు లైబ్రరీలో పనిచేశారు కదా. విధి అనే మాటకి ఒక్కటంటే ఒక్కటే అర్థం ఇచ్చే నిఘంటువు ఎక్కడైనా దొరుకుతుందా?"

పాపం, మనిషి బాగా చిక్కిపోయారు. కాఫీ ఇచ్చాను. వెతుకుతానన్నాను.

వెతుకుతున్నాను. ఆయన గడువు ఇంకా నాలుగు రోజులుంది.